స్పోర్ట్స్ కారు కొనాలి, పిల్లలూ ఎక్కాలి: వెనక సీటును బట్టి ఎంపిక

స్పోర్ట్స్ కారు మీద మనసు పడే వయసులో చేతిలో డబ్బుండదు. డబ్బు సమకూరేసరికి ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఊళ్ళో అమ్మానాన్నలు, పండగకీ పబ్బానికీ ప్రయాణాలు వచ్చి చేరతాయి. షోరూముకు వెళ్తే ఇంజను గురించి గంటసేపు చెబుతారు. వెనక సీటు సంగతి అడిగితే "నాలుగు సీట్లున్నాయి సార్" అని ఒక్క మాటతో ముగిస్తారు. ఆ నాలుగింటిలో వెనకున్న రెండూ ఎవరికి సరిపోతాయి, ఎంతసేపు సరిపోతాయి అన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

నాకు కారు నడపడమంటే ప్రాణం. అందుకే "పిల్లలున్నారు కదా, పెద్ద ఎస్‌యూవీ తీసుకో" అనే సలహాను నేను ఎవరికీ ఇవ్వను. కానీ వెనక కూర్చునేవాళ్ళు ఆ కారును కోరి ఎంచుకున్నవాళ్ళు కాదు, మన ఇష్టానికి తలొగ్గి కూర్చున్నవాళ్ళు. కాబట్టి ముందు వెనక సీటు, తరువాతే ఇంజను. ఈ వరుస నాకు ఒక ప్రయాణం నేర్పింది.

రెండేళ్ళ కిందట స్నేహితుడి రెండు తలుపుల కూపేలో శ్రీశైలం వెళ్ళాం. అప్పటికి మా పాపకు ఆరేళ్ళు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో నేను ఆనందంలో మునిగి ఉన్నాను. వెనక పాప ముఖం పాలిపోయింది. ఆ కారుకు వెనక అద్దాలు దిగవు. పక్కన లావాటి స్తంభం, ఎదురుగా ముందు సీటు వీపు. శరీరం మలుపు తిరుగుతోందని చెవిలోని సమతూక అవయవం చెబుతుంటే, కళ్ళకు మాత్రం కదలని సీటు వీపే కనిపిస్తుంది. ఆ రెండింటికీ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. రోడ్డు పక్కన ఆపి పాప ముఖం కడుగుతున్నప్పుడు ఆ ఇంజను శబ్దం మీద నాకు మోజు మిగల్లేదు.

ముందు చూడాల్సినవి

మొదటిది వయసు. పాపాయి, ఏడేళ్ళ పిల్లవాడు, కాలేజీ కుర్రవాడు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ: వీళ్ళలో ఒకరికి హాయిగా ఉన్న సీటు మరొకరికి శిక్ష. ఇప్పుడెవరు కూర్చుంటారన్నదే కాదు, కారు మీ దగ్గర ఉండే ఆరేడేళ్ళలో ఎవరెవరు కూర్చుంటారో లెక్క వేసుకోండి.

రెండోది చైల్డ్ సీటు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్పోర్ట్స్ కార్లలో చాలా ఆశలు ఇక్కడే కూలిపోతాయి. పసిపిల్లల సీటును కారు వెనక వైపుకు ముఖం ఉండేలా బిగించాలి. ఐరోపాలో అమల్లో ఉన్న ఐ-సైజ్ నిబంధన ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా అలాగే ఉండాలి. అంతకన్నా ఎక్కువ కాలం ఉంచితే ఇంకా మంచిది. అలా బిగించిన సీటు పొడవునా ముందుకు చొచ్చుకొస్తుంది. దాంతో దాని ముందున్న సీటును డ్యాష్‌బోర్డు వైపు జరపక తప్పదు. పొడుగాటి మనిషి అక్కడ కూర్చోవాలంటే మోకాళ్ళు తగులుతాయి. తరువాతి దశ బూస్టర్ సీటు. కారు బెల్టు మెడ మీదుగా కాకుండా భుజం మీదుగా వచ్చే ఎత్తు వరకు అది కావాలి. కొన్ని దేశాలు 135 సెంటీమీటర్లు అంటాయి, కొన్ని 150 అంటాయి. మన దగ్గర 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. కారు ఢీకొన్న క్షణంలో ఒళ్ళో కూర్చోబెట్టుకున్న బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు.

మూడోది తలుపులు. రెండు తలుపుల కారులో ముందు సీటును వంచి, నడుము వంచి, చేతుల్లో బిడ్డతో లోపలికి దూరాలి. ఒక్కసారైతే సరదా. రోజుకు నాలుగుసార్లు, వానలో, ఇరుకు పార్కింగులో ఆ పని చేసే మనిషిని అడగండి.

నాలుగోది నేలకూ కారు పొట్టకూ మధ్య ఖాళీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటిదాన్ని స్పోర్ట్స్ కారు కూడా నెమ్మదిగా దాటేస్తుంది. కాలనీల్లో మనవాళ్ళు వేసేవి సన్నగా, నిటారుగా ఉంటాయి, అవే గీరేస్తాయి. షోరూము కాగితంలోని సంఖ్య ఖాళీ కారుది. నలుగురు ఎక్కి, డిక్కీ నిండితే కారు ఇంకా కిందికి దిగుతుంది.

ఇక డిక్కీ, స్టెప్నీ, ధర. చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లో, పంక్చర్ అతికే కిట్టో ఇస్తారు. రాత్రి సూర్యాపేట దాటాక టైరు పక్క గోడ చిరిగితే కిట్టు పనికిరాదు. ధర విషయంలో ఎక్స్‌షోరూమ్ అంకెను చూసి ఉబ్బిపోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ తరగతి కార్ల మీద లైఫ్ ట్యాక్స్ బరువు ఎక్కువ. పైగా 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారాక పాత ధరలు సరిపోవు. ఆన్‌రోడ్ ధర రాయించుకోండి.

పోటీలో ఉన్న కార్లు

| కారు | తలుపులు | సీట్లు | శక్తి (హెచ్‌పీ) | డిక్కీ (లీటర్లు) | ఏ చక్రాలకు శక్తి |
|---|---|---|---|---|---|
| ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ | 4 + డిక్కీ తలుపు | 5 | 265 | 380 | ముందు |
| స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ (2025) | 4 + డిక్కీ తలుపు | 5 | 265 | 600 | ముందు |
| బీఎండబ్ల్యూ ఎం340ఐ | 4 | 5 | 374 | 480 | నాలుగు |
| బీఎండబ్ల్యూ ఎం2 | 2 | 4 | 480 | 390 | వెనక |
| ఫోర్డ్ మస్టాంగ్ జీటీ (సెకండ్ హ్యాండ్) | 2 | 4 | సుమారు 400 | 408 | వెనక |
| పోర్షే 911 కరెరా | 2 | 2 + 2 చిన్నవి | 394 | 135 (ముందు భాగంలో) | వెనక |

పట్టికలో "5 సీట్లు" అని ఉన్నవాటి గురించి ఒక మాట. గోల్ఫ్, ఆక్టావియా, ఎం340ఐ మూడింటిలోనూ వెనక నడిమధ్య నేల గట్టులా లేచి ఉంటుంది. అక్కడ కూర్చున్నవారి పాదాలకు చోటుండదు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి గానీ, రెండు చైల్డ్ సీట్ల మధ్య నానమ్మ కూర్చోవాల్సిన ఇంటికి గానీ వీటిలో ఏదీ సరిపోదని ముందే చెబుతున్నాను.

గోల్ఫ్ జీటీఐ. 1976 నుంచి "ఇంటికీ పనికొచ్చే వేగమైన కారు" అన్న మాటకు ఇదే కొలబద్ద. మన దేశానికి 2025 మేలో పూర్తిగా దిగుమతి రూపంలో వచ్చింది. అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 52.99 లక్షలు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 5.9 సెకన్లు. అంకెల్లో మిగతావాటి ముందు చిన్నగా కనిపిస్తుంది కానీ, ముందు చక్రాల మధ్య శక్తిని పంచే ఎలక్ట్రానిక్ లాక్ వల్ల మలుపులో ముక్కు లోపలికే తిరుగుతుంది. సంప్రదాయంగా వస్తున్న గళ్ళ గుడ్డ సీట్లు నాకు మరీ ఇష్టం. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో నల్లని తోలు సీటు మీద నిక్కరు వేసుకున్న పిల్లవాడిని కూర్చోబెట్టి చూడండి, గుడ్డ విలువ తెలుస్తుంది. లోటల్లా చోటుదే. ఇద్దరు పిల్లలకు చాలు, మడత పెట్టిన ప్రామ్ పెడితే డిక్కీ సగం నిండిపోతుంది. నగరంలో ఎక్కువగా తిరిగే చిన్న కుటుంబానికి చక్కగా కుదురుతుంది.

ఆక్టావియా ఆర్‌ఎస్. ముందే చెప్పేస్తున్నాను, మా ఇంట్లో ఉన్నది 2017 నాటి ఆర్‌ఎస్ 230. కాబట్టి నా మాటలో కొంచెం మమకారం ఉంటుంది. వెనక అద్దంతో సహా డిక్కీ తలుపు మొత్తం పైకి లేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు బియ్యం మూట, అరిసెల డబ్బా, పిల్లల సైకిలు అన్నీ అందులోనే వచ్చాయి. వెనక కాళ్ళ చోటు ఈ జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ. మా నాన్న అందులో హైదరాబాద్ నుంచి ఒంగోలు వరకు నిద్రపోయారు. కొత్త తరం 2025 అక్టోబరులో 49.99 లక్షలకు వచ్చింది కానీ, మన దేశానికి కేటాయించినవి 100 మాత్రమే, అవీ విడుదలకు ముందే బుక్ అయిపోయాయి. కాబట్టి దారి సెకండ్ హ్యాండే: 2017 నాటి ఆర్‌ఎస్ 230, లేదా 2020లో 200 కార్లకే పరిమితమైన ఆర్‌ఎస్ 245. సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నదే చూడండి. గేర్‌బాక్స్ నూనె మార్చారా, ఇంజను చిప్ ట్యూనింగ్ చేయించారా అని అడగండి. ఈ కార్లను కొన్నవాళ్ళలో చాలామంది వేగం మీద మోజున్నవాళ్ళే, శక్తి పెంచి నడిపి అమ్మేసేవాళ్ళూ ఉంటారు.

ఎం340ఐ. ఒకే కారుతో ఇల్లూ సరదా రెండూ నడవాలి, 75 లక్షల ప్రాంతంలో ఖర్చు పెట్టగలం అనేవారికి నా మొదటి సలహా ఇదే. చెన్నైలో కూర్పు జరుగుతుంది కాబట్టి దిగుమతి కార్లతో పోలిస్తే ఇచ్చే డబ్బుకు దక్కేది ఎక్కువ. మూడు లీటర్ల, వరుసగా ఆరు సిలిండర్ల ఇంజను, వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. ఈ కారులోని గొప్పతనం ఆ సెకన్లలో కనిపించదు. నెమ్మదిగా నడిపినప్పుడు మామూలు సెడాన్‌లాగే ఒద్దికగా ఉంటుంది, వెనక నిద్రపోయే బిడ్డ లేవదు. ఈ కారు చెందిన బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు 2019లో, ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ అయిదు నక్షత్రాలు ఇచ్చింది. పిల్లల రక్షణకు 87 శాతం మార్కులు దక్కాయి. లోటు ఎక్కడంటే, కూర్చునే ఎత్తు తక్కువ. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు దిగేటప్పుడు చెయ్యి అందించాలి.

ఎం2. రెండు తలుపుల కార్లలో వెనక సీటును నిజంగా సీటు అనదగ్గది ఇది. ఎనిమిదేళ్ళ పిల్లలు సుఖంగా, మధ్యస్థ ఎత్తున్న పెద్దవారు గంటసేపు కూర్చోగలరు. వెనక చక్రాలకు 480 హెచ్‌పీ, కావాలంటే మాన్యువల్ గేర్లు. 2024 చివర్లో ధర కోటి దాటింది. ఎం340ఐ కన్నా సుమారు 30 లక్షలు ఎక్కువ పెట్టి రెండు తలుపులు పోగొట్టుకుంటున్నాం అని లెక్క తేల్చుకోండి. పెద్దమ్మాయికి ఏడో ఎనిమిదో ఏళ్ళు వచ్చి, ఇంట్లో ఇంకో మామూలు కారు ఉంటే, అప్పుడు నేను దీన్ని కాదనను. పసిబిడ్డ ఉన్న ఇంటికి మాత్రం వద్దంటాను. వానాకాలంలో తడి రోడ్డు మీద ఇంత శక్తిని వెనక చక్రాలకే ఇచ్చే కారు, నడిపేవారి నుంచి నిగ్రహం కోరుతుంది. వెనక పిల్లలున్నప్పుడు ఆ నిగ్రహం రెట్టింపు కావాలి.

మస్టాంగ్. 2016లో మన దేశానికి అధికారికంగా వచ్చింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు దొరికేవి పాతవే. అయిదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను గొంతు విన్నవారెవరూ మరిచిపోలేరు, నేనూ మరవలేదు. కానీ ఆ తరం కారుకు 2017 జనవరిలో యూరో ఎన్‌క్యాప్ రెండే నక్షత్రాలు ఇచ్చింది. పిల్లల రక్షణకు వచ్చింది 32 శాతం. ఢీకొన్న క్షణంలో బెల్టును ఒక్కసారిగా బిగించే ప్రీటెన్షనర్లు, ఆ బిగింపు ఛాతీని నలిపేయకుండా సడలించే లోడ్ లిమిటర్లు వెనక సీట్లకు లేవు. పదేళ్ళ పిల్లవాడి బొమ్మ తల పక్క తాకిడి పరీక్షలో కారు లోపలి భాగానికి తగిలింది. మార్పులు చేశాక అదే ఏడాది మూడు నక్షత్రాలు వచ్చాయి. ఇద్దరు పెద్దలు తిరిగే కారుగా దీన్ని ఎవరు కొన్నా సంతోషిస్తాను. వెనక పిల్లలతో వారం వారం తిరగడానికి నేను ఒప్పుకోను.

పోర్షే 911. 1963లో 901 పేరుతో చూపించి, నడిమధ్య సున్నా ఉన్న అంకెల మీద హక్కు తమదని ప్యూజో అభ్యంతరం చెబితే 911 అయిన కారు. మొదటి నుంచీ వెనక రెండు చిన్న సీట్లున్నాయి. ఇంజను వెనక చక్రాల వెనక ఉండటం వల్లే ముందు సీట్ల వెనక ఆ కాస్త చోటు దక్కింది. పెద్దవారు అక్కడ కూర్చోలేరు. వీపు నిటారుగా, తల పైకప్పుకు ఆని, మోకాళ్ళకు చోటే ఉండదు. పసిపిల్లల సీటు బిగిస్తే ముందు సీటు ఖాళీగా వదలాల్సిందే. కానీ నాలుగైదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఉన్న పిల్లలు బూస్టర్ మీద అక్కడ భలే ఇముడుతారు. గుహలో కూర్చున్నట్టు వాళ్ళకు ఇష్టం కూడా. అంటే ఒక కుటుంబానికి 911 పనికొచ్చే కాలం నాలుగైదేళ్ళు. ఆ ఏళ్ళు మీ ఇంట్లో ఇప్పుడే నడుస్తుంటే, దాదాపు రెండు కోట్ల స్తోమత ఉంటే, పిల్లలు పెద్దయ్యేవరకు ఆగమని నేను చెప్పలేను.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. 2024లో వచ్చిన కొత్త రూపంలో కూపేకు వెనక సీట్లు వాటంతట అవి రావు. అదనపు డబ్బు అడగరు కానీ, కావాలని ఆర్డరులో మీరే రాయించాలి. రెండు, ముందు భాగాన్ని సుమారు 4 సెంటీమీటర్లు పైకి లేపే ఏర్పాటును డబ్బు పెట్టి అయినా చేయించుకోండి. అపార్ట్‌మెంటు ర్యాంపు మొదటి రోజే దాని విలువ చెబుతుంది. వెనక ఇరుకని పసిబిడ్డను ముందు సీట్లో వెనక్కి తిప్పి కూర్చోబెట్టే ఆలోచన ఉంటే, ఆ పక్క ఎయిర్‌బ్యాగ్ ఆపి ఉండాలి. ఆపకపోతే తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ బిడ్డ ప్రాణం తీస్తుంది.

పోర్షే కావాలి, వెనక పెద్దవాళ్ళు కూర్చోవాలి అంటే పనామెరా ఉంది. నాలుగు తలుపులు, నాలుగు నిఖార్సయిన సీట్లు. విద్యుత్తుతో నడిచేది కావాలంటే టేకాన్. కింద బ్యాటరీలో వెనక ప్రయాణికుల పాదాల కోసం గుంటలు వదిలారు, అందుకే నేల ఎత్తుగా అనిపించదు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరి వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉంది. ఈ ధరల దగ్గర అది లక్షల్లో తేడా.

మీ ఇంటిని బట్టి

పసిబిడ్డ ఉన్నా, త్వరలో రాబోతున్నా నాలుగు తలుపులు లేని కారు వైపు చూడకండి. బడ్జెట్ యాభై లక్షల దగ్గర ఉంటే జీటీఐ, అంతకన్నా తక్కువైతే మంచి రికార్డున్న పాత ఆక్టావియా ఆర్‌ఎస్, ఎక్కువైతే ఎం340ఐ. అమ్మానాన్నలను తరచూ ఊరికి తీసుకెళ్ళే ఇంటికి నా ఓటు ఆక్టావియాకే.

పిల్లలు బడికి వెళ్ళే వయసులో ఉండి, ఇంట్లో రెండో కారు ఉంటే ఎం2 గానీ 911 గానీ న్యాయమైన కోరికే. కౌమారంలోకి వచ్చిన పిల్లలుంటే 911 సమయం దాటిపోయినట్టే. ఆరడుగులకు ఎదుగుతున్న కుర్రవాడిని ఎం2 వెనక కూర్చోబెట్టి విజయవాడ వెళ్ళడం కూడా కష్టమే.

అమెరికాలో ఉన్న మన కుటుంబాల లెక్క వేరు. అక్కడ మస్టాంగ్ కొత్త తరం షోరూములోనే ఉంది, హోండా సివిక్ టైప్ ఆర్ ఉంది, టయోటా జీఆర్86 ఉంది. జీఆర్86 నడపడానికి అద్భుతం. కానీ దాని వెనక సీట్లను మడిచి టైర్లు పెట్టుకుని ట్రాక్‌కు వెళ్ళడానికే ఎక్కువ వాడతారు, మనుషులకు కాదు. ఇంటికి పనికొచ్చేది సివిక్ టైప్ ఆర్. నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ, మాన్యువల్ గేర్లు. కాకపోతే వెనక బెల్టులు రెండే, మొత్తం నలుగురికే చోటు. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చి ఉండే ఇంట్లో పిల్లలు ఇద్దరుంటే ఆ బెల్టుల కొరత రోజూ తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్ రోజు

ఒంటరిగా వెళ్ళకండి. మీ చైల్డ్ సీటు మీరే పట్టుకెళ్ళి బిగించి చూడండి. చైల్డ్ సీటును కారుకు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు మడతల్లో ఎంత లోతున ఉన్నాయో చేత్తో వెతికితేనే తెలుస్తుంది. ముందు సీటును మీకు సరిపోయేలా సర్దుకుని, దిగి, మీ వెనక మీరే కూర్చోండి. అయిదు నిమిషాలు కాదు, సేల్స్ కుర్రవాడు కారు వివరాలు చెబుతున్నంతసేపూ అక్కడే ఉండండి. నలుగురూ ఎక్కాక మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీదుగా, మీ అపార్ట్‌మెంటు ర్యాంపు మీదుగా ఒకసారి నడపనివ్వమని అడగండి.

వీలైతే బిడ్డ మధ్యాహ్నం నిద్రపోయే వేళకు వెళ్ళండి. నిద్రపోతున్న బిడ్డను భుజం మీద నుంచి దించి, ఆ వెనక సీట్లో కూర్చోబెట్టి, లేవకుండా బెల్టు పెట్టగలిగితే ఆ కారు మీ ఇంటికి కుదిరింది.